రెండు రేవుల స్పర్ధ

ఇరుగుపొరుగు ఇండ్ల నడుమ పోటీ ఉన్నట్లే ఇరుగుపొరుగు నగరముల నడుమను పోటీ ఉండును. ఒకే దేశములోని రెండు నగరములు పోటీపడినపుడు తగవు తీర్చుటకు వాటిపైన ఒక ప్రభుత్వమున్నది. కాని ఆ నగరములు వేరువేరు దేశములకు చెందినవై, ఒకదాని ఇంటికి పోవు త్రోవ రెండవదాని పెరటిలోనుండి సాగుచున్నపుడు ఏమి జరుగును? ఈ ప్రశ్నకు నాలుగువందల ఏండ్లకు మించిన చరిత్ర ఒకటి సమాధానము చెప్పుచున్నది. అది బెల్జియములోని ఆంట్‌వర్ప్, నెదర్లాండ్సులోని రోటర్‌డామ్ అను రెండు రేవుపట్టణముల చరిత్ర.

ఈ రెండింటి నడుమ దూరము ఇంచుమించు నూరు కిలోమీటర్లు. ఉభయత్ర జనులు మాటలాడునది యాసలో భేదమున్నను ఒకే భాష. నేడు ఐరోపా రేవులలో మొదటిది రోటర్‌డామ్, రెండవది ఆంట్‌వర్ప్. ఇవి మనకు బొత్తిగా పరాయి ఊళ్లును కావు. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఆరు నగరములలో శాఖలుండెడివి. ఆ ఆరింటిలో రోటర్‌డామ్ ఒకటి. ఆ కంపెనీవారే మచిలీపట్నములో వర్తకస్థానము నెలకొల్పి కోస్తా నేతగాండ్ర బట్టలను ఓడలకెత్తిరి. హాలెండువారిని మన పెద్దలు వలందావారనిరి. బందరులోని వలందపాలెము ఆ పేరును నేటికిని నిలుపుకొన్నది. ఇక ఆంట్‌వర్ప్ పేరు వజ్రములతో ముడిపడినది. పదునారవ శతాబ్దమున లోకమునకు వజ్రములు ప్రధానముగా మన దేశమునుండియే పోయెడివి. దక్కను గనులలో దొరకిన రాళ్లు పోర్చుగీసువారి ఓడలలో లిస్బనుకును, అచటినుండి ఆంట్‌వర్ప్‌లోని సానపట్టువారి చేతులకును చేరెడివి. నేడు ఆ నగరపు వజ్రవ్యాపారులలో భారతీయులు ప్రముఖులు.

కథ తెలియవలెనన్న ముందు నది తెలియవలెను. షెల్డ్ నది ఫ్రాన్సు ఉత్తరభాగమున పుట్టి, బెల్జియము గుండ ప్రవహించి, ఆంట్‌వర్ప్ నగరమును దాటిన పిమ్మట నెదర్లాండ్సులో ప్రవేశించి అచట సముద్రమున కలియును. ఆంట్‌వర్ప్ సముద్రమునకు సుమారు 80 కిలోమీటర్లు లోపల నున్నది. ఆటుపోటులు నగరము వరకును వచ్చును గనుక పోటు నీటితో పెద్ద ఓడలు లోనికి రాగలవు. కాని రేవు బెల్జియములో, నదీముఖము నెదర్లాండ్సులో! సరకుతో వచ్చు ప్రతి ఓడయు పరదేశపు నీటిపై పయనించిన తరువాతనే ఆంట్‌వర్ప్ ముఖము చూడవలెను.

ఆంట్‌వర్ప్ వారు చెప్పుకొను పాతకథ ఒకటి కలదు. షెల్డ్ ఒడ్డున అంటిగోను అను రాక్షసుడొకడు కోట కట్టుకొని, వచ్చిపోవు ప్రతి పడవపైనను సుంకము విధించెడివాడట. ఈయనివాని చేయి నరికెడివాడట. తుదకు బ్రాబో అను రోమను వీరుడు ఆ రాక్షసుని చంపి, వాని చేయి నరికి నదిలోనికి విసరివైచెను. ‘చేయి విసరుట’ అను మాటనుండియే నగరమునకు ఆ పేరు వచ్చినదని జనశ్రుతి. భాషావేత్తలలో పెక్కురు దీనిని అంగీకరింపరు. అయినను, చేయి విసరుచున్న బ్రాబో విగ్రహము 1887 నుండి నగర మధ్యమున పురమందిరము ఎదుట నిలిచియున్నది. ఇది పుక్కిటి పురాణమే కావచ్చును. కాని ఆ నగరపు జీవితములోని పెద్ద భయము దానిలో దాగియున్నది. నది తమది, సుంకపు కోట మరియొకరిది.

పదునారవ శతాబ్దపు పూర్వభాగము ఆంట్‌వర్ప్‌కు స్వర్ణయుగము. 1501లో పోర్చుగీసువారి సుగంధద్రవ్యముల ఓడ మొదటిసారిగా ఈ రేవును చేరెను. ఇంగ్లండు ఉన్ని బట్టలు, జర్మనీ వెండి రాగి, తూర్పుదేశపు మిరియాలు ఈ ఊరి అంగళ్లలో కలిసికొనెను. 1531లో అన్ని దేశముల వర్తకులును సమావేశమై బేరములాడుటకు వ్యాపారభవనమొకటి కట్టబడెను. ఇతర నగరముల భవనములకు అది మాదిరి అయ్యెను. 1555లో ప్లాంటిన్ అను ముద్రాపకుడు అచ్చుకూటము నెలకొల్పెను. పలు భాషలలో ఆయన అచ్చొత్తిన బైబిలు ముద్రణచరిత్రలో ప్రసిద్ధమైనది. నగర జనసంఖ్య లక్షకు చేరెను. ఆ కాలమున రోటర్‌డామ్ ఏమి చేయుచుండెను? రోట్టె అను చిన్న యేటిపై పదుమూడవ శతాబ్దమున వేసిన కట్ట చెంత పుట్టిన ఆ ఊరు అప్పటికింకను చేపలు పట్టువారి పట్టణముగనే యుండెను. మహాపండితుడు ఎరాస్మస్ అచట జన్మించుటయే దాని ప్రసిద్ధి.

ఈ భాగ్యము ఒక్క తరములో తారుమారైనది. స్పెయిను రాజుపై నెదర్లాండ్సు రాష్ట్రములు తిరుగబడెను. 1576లో జీతములు ముట్టని స్పెయిను సిపాయిలు ఆంట్‌వర్ప్‌ను కొల్లగొట్టిరి. తరువాత పార్మా ప్రభువు నగరమును ముట్టడించి, షెల్డ్ నదికి అడ్డముగా పడవల వంతెన కట్టి, 1585 ఆగస్టు 17వ తేదీన దానిని లొంగదీసెను. నగరము స్పెయినుకు చిక్కెను గాని, నదీముఖము తిరుగుబాటు చేసిన ఉత్తర రాష్ట్రములవారి చేతిలోనే యుండిపోయెను. వారు ఓడలు నేరుగా లోనికి పోకుండ నదిని మూసివేసిరి. నేడు రెండు దేశముల నడుమ మనము చూచు సరిహద్దుకు మూలము ఆ యుద్ధరేఖయే.

లొంగిపోయిన నగరములోని ప్రొటెస్టంటులకు నాలుగేండ్ల గడువు ఇయ్యబడెను. కేథలిక్ మతమున చేరవలెను. లేదా ఊరు విడువవలెను. వర్తకులు, నేతగాండ్రు, వజ్రములకు సానపట్టువారు, ముద్రాపకులు, చిత్రకారులు బండ్లకెత్తుకొని ఉత్తరమునకు తరలిరి. కొలది ఏండ్లలో నగరమున సగముమందియు మిగులలేదు. తరువాత చిత్రకారుడుగా లోకప్రసిద్ధి పొందిన ఫ్రాన్స్ హాల్స్ ఆంట్‌వర్ప్‌లో పుట్టి, ఇట్లు తరలిన కుటుంబముతో హార్లెం చేరిన బాలుడే. ఆంస్టర్‌డామ్ నగరమునకు ఆ తరువాత కలిగిన వైభవములో ఈ వలస వచ్చినవారి ధనమును నేర్పును ఎంతో కలవు.

శత్రువు చేతిలోనున్న రేవును యుద్ధకాలమున మూయుట న్యాయమే గదా యని డచ్చివారి పక్షమున వాదింపవచ్చును. ఆ వాదములో కొంత సత్యము కలదు. కాని 1648లో మ్యూన్‌స్టర్ సంధితో యుద్ధము ముగిసెను; శాంతి వచ్చెను; నది మాత్రము తెరువబడలేదు. మూసియుంచుట యన్నది ఆ సంధి షరతులలోనే చేరెను. ఓడల సరకును జీలండు రేవులలో డచ్చి పడవలలోనికి మార్చి, సుంకములు చెల్లించి, ఆ తరువాతనే ఆంట్‌వర్ప్‌కు కొంపోవలెను. అనగా యుద్ధోపాయముగా మొదలైనది వ్యాపారోపాయముగా స్థిరపడెను. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను మన సామెత ఆంట్‌వర్ప్ పట్ల అక్షరాల నిజమైనది.

ఈ తాళమును తీయుటకు జరిగిన ఒక ప్రయత్నము వినోదకరముగా నుండును. 1784లో ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్, అప్పటికి ఆంట్‌వర్ప్ ఆయన పాలనలో నుండుటచేత, డచ్చివారిని ధిక్కరించి ఓడనొకదానిని షెల్డ్ నదిపై పంపెను. డచ్చివారు దానిపై ఫిరంగి ప్రేల్చిరి. ఆ గుండు ఓడలోని పులుసు కాగుచున్న గిన్నెకు తగిలినదట. చరిత్రలో దీనికి ‘గిన్నె యుద్ధ’మని పేరు. మరుసటి యేట సంధి జరిగెను. చక్రవర్తికి డబ్బు ముట్టెను. నది మూసియే యుండెను. రాజునకు పరిహారము దొరకినది గాని రేవుకు నీరు దొరకలేదు.

తుదకు ఫ్రెంచి విప్లవసేనలు వచ్చి నదిని తెరచిరి. నెపోలియను ఆంట్‌వర్ప్‌ను ఇంగ్లండుకు ఎదురుగా నౌకాస్థానముగా చేయదలచి ఓడలు నిలుచుటకు గోదాలు త్రవ్వించెను. 1815 తరువాత ఉత్తర దక్షిణ రాష్ట్రములు ఒకే రాజ్యముగా కలుపబడెను. 1830లో బెల్జియము విడిపోయెను. 1839 లండను ఒడంబడిక నదిని తెరచియే ఉంచెను గాని, టన్ను ఒకటికి గిల్డరున్నర చొప్పున ఓడలపై సుంకము తీసికొను హక్కును నెదర్లాండ్సుకు ఇచ్చెను. ఓడలవారు ఆంట్‌వర్ప్‌ను విడిచి పోవుదురేమో యను భయముతో బెల్జియము ప్రభుత్వమే ఆ సుంకమును తన బొక్కసమునుండి వారికి తిరిగి ఇచ్చుచుండెను. 1863లో ఈ హక్కు 1,71,41,640 గిల్డర్లకు ఒక్కసారిగా కొనివేయబడెను. అందులో మూడవవంతు బెల్జియము ఇయ్యగా, తక్కినది నౌకావ్యాపారము గల ఇతర దేశములు తమ తమ వంతులుగా భరించెను. ఇట్లు 1585లో పడిన గడియ పూర్తిగా తొలగుటకు 278 ఏండ్లు పట్టెను.

ఇన్నేండ్లును ఈ గడియ వలన బాగుపడినది ఎవరు? రోటర్‌డామ్ కొంత బాగుపడినది. అసలు లాభము ఆంస్టర్‌డామ్‌ది. కాని పొరుగువాని తలుపు మూసినంత మాత్రమున తన తలుపు ముందు ఇసుక మేటవేయుట మానదు. పందొమ్మిదవ శతాబ్దము నాటికి రోటర్‌డామ్ సముద్రమునకు పోవు పాత నదీముఖములు పూడిపోయెను. 1830లో త్రవ్విన వూర్న్ కాలువ పెద్ద ఆవిరి ఓడలకు చాలక పోయెను. ఓడలు చుట్టుత్రోవలు తిరుగవలసి వచ్చెను. ఆంస్టర్‌డామ్ స్థితియు ఇంచుమించు ఇట్టిదే.

ఇచట ఒక విచిత్రమైన కాలసామ్యము కలదు. షెల్డ్ సుంకము రద్దయిన ఆ 1863వ సంవత్సరముననే, రోటర్‌డామ్‌కు క్రొత్త జలమార్గము త్రవ్వవలెనని నెదర్లాండ్సులో శాసనము చేయబడెను. పీటర్ కాలండ్ అను ఇంజనీరు దీనికి రూపకల్పన చేసెను. సముద్రపుటొడ్డున ఇసుకతిన్నెలను చీల్చి నదికి తిన్నని నోరు తెరచినచో, ఆటుపోటుల వడియే అడుగును కోసి లోతు చేయునని ఆయన ఊహ. 1866లో పని మొదలిడి 1872లో మొదటి ఓడను పోనిచ్చిరి. కాని ఊహించినట్లు జరుగలేదు. కోసికొనిపోయిన ఇసుక నోటియొద్దనే మేటవేసెను. కొన్ని ఏండ్లు ఆ కాలువ దండుగ యనిపించుకొనెను. తరువాత ఆవిరియంత్రములతో పూడిక తీసి, వెడల్పు చేసి, మరల పూడిక తీసి, మరల లోతు చేసిరి. ఈ ఓపికయే రోటర్‌డామ్ భాగ్యమునకు పునాది. జర్మనీలోని రూర్ ప్రాంతమున బొగ్గు, ఇనుము పరిశ్రమలు పెరిగినకొలది రైన్ నదిపై వచ్చు సరకంతయు ఈ నోటినుండి లోకములోనికి పోయెను.

అప్పటినుండి అసలైన పందెము మొదలైనది. రోటర్‌డామ్‌కు రైన్ నది యుండగా, ఆంట్‌వర్ప్ రైలుపై ఆశ పెట్టుకొనెను. 1879లో ఆంట్‌వర్ప్ నుండి డచ్చి నేలమీదుగా జర్మనీకి రైలుమార్గము పడెను. దానికి ‘ఇనుప రైన్’ అని పేరు వచ్చెను. అమెరికాకు వలసపోవు బీదజనులను రోటర్‌డామ్ నుండి హాలెండు అమెరికా లైను వారి ఓడలును, ఆంట్‌వర్ప్ నుండి రెడ్ స్టార్ లైను వారి ఓడలును కొనిపోయెను. ఒకరు గోదా త్రవ్వినచో రెండవవారు రెండు త్రవ్విరి. ఒకరు రేవుసుంకము తగ్గించినచో రెండవవారును తగ్గించిరి. ఈ పందెములో ఎవరి చేయియు నరకబడలేదు, ఇద్దరును పెరిగిరి.

రెండవ ప్రపంచయుద్ధము ఈ రెండు నగరములను ఒకే తీరున శిక్షించినది. 1940 మే 14వ తేదీన జర్మను విమానములు రోటర్‌డామ్ నడిబొడ్డును కాల్చివేసెను. సుమారు 80,000 మంది నిలువనీడ లేనివారైరి. 1944 సెప్టెంబరు 4వ తేదీన మిత్రసేనలు ఆంట్‌వర్ప్ చేరినపుడు, దేశభక్తుల సాహసము వలన రేవు దాదాపు చెక్కుచెదరక వారికి దక్కెను. అయినను ఆ రేవు మూడు నెలలు ఉపయోగపడలేదు. ఏలయన నదీముఖము రెండు ఒడ్డులును జర్మనుల చేతిలో నుండెను! 1585 నాటి పాఠమునే చరిత్ర మరల వినిపించెను. ఆ నోరు తెరచుటకు జరిగిన పోరాటములో 12,000కు పైగా మిత్రసైనికులు మరణించిరి, లేదా గాయపడిరి, లేదా కానరాకపోయిరి. వారిలో సగముమంది కెనడావారు. నవంబరు 28వ తేదీన మొదటి ఓడల వరుస రేవు చేరెను. అప్పుడును, అటుపిమ్మటను జర్మనుల రాకెట్లు నగరముపై పడుచునేయుండెను. డిసెంబరు 16వ తేదీన ఒక సినిమాశాలపై పడిన రాకెట్టుకు 567 మంది బలియైరి.

యుద్ధము ముగిసిన ఎనిమిదేండ్లకు ఈ కథలో నాకు మిక్కిలి ముఖ్యముగా తోచు ఘట్టము వచ్చినది. 1953 ఫిబ్రవరి 1వ తేదీ తెల్లవారుజామున సముద్రము కరకట్టలను తెంచి నెదర్లాండ్సు నైరుతి భాగమును ముంచివేసెను. ఆ దేశములో 1,836 మంది మరణించిరి. ఇట్టి విపత్తు మరల రాకుండుటకు నదీముఖములను ఆనకట్టలతో మూయవలెనని డచ్చివారు డెల్టా పథకము సిద్ధము చేసిరి. ఒక్కొక్క నోటిని మూయుచు వచ్చిరి. కాని ప్రాణభయముతో మూయుచున్న ఆ కాలమునను రెండు నోళ్లకు ఆనకట్ట వేయలేదు. ఒకటి రోటర్‌డామ్ జలమార్గము. రెండవది ఆంట్‌వర్ప్‌కు పోవు పశ్చిమ షెల్డ్. ఒకప్పుడు వ్యాపారలాభమునకై నదిని మూసిన జాతి, ఇప్పుడు ఆత్మరక్షణ అను బలమైన సాకు చేతిలో నుండగా కూడ, పొరుగువాని రేవుకై దానిని తెరచియుంచి, తన ఒడ్డున గల కరకట్టలను మాత్రము ఎత్తు చేసికొనినది. తమ జలమార్గమునకు పెద్ద తలుపులు అమర్చిరి. 1997లో పూర్తియైన ఆ తలుపులు ఉప్పెన వచ్చినపుడు మూయబడును, తక్కిన కాలమున తెరచియుండును.

దీనిని కేవలము దాతృత్వమని పొగడనక్కర లేదు. ఒడంబడికలు ఉన్నవి, న్యాయస్థానములు ఉన్నవి, ఐరోపా దేశముల కూటమి ఉన్నది. తగవులును తీరిపోలేదు. షెల్డ్ అడుగును లోతు చేయవలెనని ఆంట్‌వర్ప్ అడిగినప్పుడెల్ల, నదీతీరమున నున్న డచ్చివారు తమ ఒడ్డులు, తమ పక్షులు, తమ ఇసుకదిబ్బలు ఏమగునని అడిగిరి. 2005లో ఒప్పందమైనది. దాని ఫలితముగా, ప్రకృతికి జరిగిన నష్టమునకు ప్రతిగా హెడ్విగె అను సాగుభూమిని మరల ఆటుపోటులకు వదలవలసి వచ్చెను. తాతలు సముద్రమునుండి గెలిచిన నేలను మనుమలు సముద్రమునకు అప్పగించుటకు మనసొప్పక అక్కడి రైతులు ఏండ్ల తరబడి వాదించిరి. 2022లో ఆ నేలలోనికి నీరు ప్రవేశించెను. ఇనుప రైన్ మార్గమును మరల తెరచుటకు ఖర్చు ఎవరు భరింపవలెనను వివాదముపై 2005లో మధ్యవర్తుల తీర్పు హేగు నగరమున వెలువడెను. వాదములు దీర్ఘమైనవే, కాని ఫిరంగి ప్రేలలేదు, పులుసుగిన్నె పగులలేదు.

ఇపుడు రెండింటిని త్రాసులో వేసి చూతము. రోటర్‌డామ్ 1962లో న్యూయార్కును మించి, 2004 వరకు లోకములోనే మిక్కిలి పెద్ద రేవుగా వెలసినది. ఆ పిమ్మట ఆసియా రేవులు దానిని దాటిపోయినవి. ఆంట్‌వర్ప్ 2022లో సముద్రపుటొడ్డున నున్న జీబ్రూజ్ రేవుతో కలిసి ఒకే సంస్థయైనది. 2024లో రోటర్‌డామ్ సుమారు 43 కోట్ల 60 లక్షల టన్నుల సరకును, ఆంట్‌వర్ప్ జంటరేవు సుమారు 27 కోట్ల 80 లక్షల టన్నుల సరకును ఎత్తిదించినవి. కాని పెట్టెలలో నింపివచ్చు సరకు విషయమున వ్యత్యాసము చాల స్వల్పము. ముడిచమురులో రోటర్‌డామ్‌ది పైచేయి. రసాయన పరిశ్రమలలో ఆంట్‌వర్ప్ ఖ్యాతి గొప్పది. ఒక సంగతి మాత్రము ఈ లెక్కలలో కనబడదు. మహానౌకలు షెల్డ్ నదిపై పోలేవు గనుక, ఆంట్‌వర్ప్ శుద్ధికర్మాగారములకు ముడిచమురు 1971 నుండి రోటర్‌డామ్ నుండియే భూగర్భపు గొట్టములలో పోవుచున్నది. పోటీదారు పొయ్యిలోనికి నిప్పు ఈ ఇంటినుండి పోవుచున్నదన్నమాట.

రెండు నగరములను పోల్చునపుడు ఏది పెద్దదని అడుగుట సులభము. ఆ పెద్దరికము ఎట్లు వచ్చినదని అడుగుట మేలు. పొరుగువాని త్రోవ మూసి పెద్దవారగుట ఒక విధము. తన త్రోవ తాను త్రవ్వుకొని పెద్దవారగుట మరియొక విధము. మొదటిదానిలో లాభము లేదని చెప్పజాలము. ఆంస్టర్‌డామ్ మేడలు ఆ లాభమునకు సాక్షులు. కాని ఆ లాభమును నిలుపుకొనుటకు రాత్రింబవళ్లు తలుపు కావలి కాయవలెను. తాళము ఊడిననాడు కావలివాని చేతిలో నేర్పేదియు మిగులదు. త్రవ్వుకొన్నవానికి, ఇసుక మరల మేటవేసినను, పూడిక తీయు విద్య మిగిలియుండును. ఆ విద్యతోనే రోటర్‌డామ్ పెరిగినది. అదే విద్యతో నేడు ఆంట్‌వర్ప్ తన నదిని కాపాడుకొనుచున్నది.

సముద్రమట్టము ఏటేట పెరుగుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. తెరచియుంచిన ఆ రెండు నోళ్లను ఎంతకాలము తెరచియుంచగలమను ప్రశ్న రానున్న తరముల డచ్చి ఇంజనీర్లకు తప్పదు. ఆనాడు వారు తీసికొను నిర్ణయము తమ దేశపు కరకట్టలకు మాత్రమే సంబంధించినది కాదు. ఎగువ నున్న ఒక పరాయి నగరపు కూలివానికి పని ఉండునా, ఉండదా యన్నదియు దానిపై ఆధారపడియుండును. దిగువ నున్నవాడు ఎగువవాని బ్రతుకును, ఎగువ నున్నవాడు దిగువవాని భయమును తన లెక్కలో చేర్చుకొనుటకు ఈ రెండు నగరములకు దాదాపు మూడు శతాబ్దములు పట్టినది.